లేని పడవ

విష్ణువర్ధన్ మాట నమ్మే అలవాటు కరుణశ్రీకి లేదు. ఆ ఒక్కసారి మాత్రం నమ్మింది. ఆయన తిడుతున్నది తనని కాదు, ఇంకెవరినో కాబట్టి నమ్మడం తేలికైంది.

“తెనాలి వాళ్ళు చెడగొట్టారమ్మా పలకల్ని. శుభలేఖలు అచ్చేసుకునేవాళ్ళ చేతిలో పెడితే ఇంకేమవుద్ది? వెళ్ళి గట్టిగా దులిపేసి రా” అన్నాడాయన, కుర్చీలోంచి లేవకుండానే.

బాపట్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి ఆయన హెడ్డు. కరుణశ్రీ అదే విభాగంలో పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఈ పదకొండేళ్ళలో ఆయన ల్యాబులో ఒక్క స్క్రూ తిప్పగా ఆమె చూడలేదు. విభాగం నుంచి వెళ్ళే ప్రతి పరిశోధన పేపరు మీదా మొదటి పేరు మాత్రం ఆయనదే. ఆయన గదిలో అద్దాల బీరువా నిండా మడతపెట్టిన సన్మానపు శాలువాలుంటాయి. ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ కరుణశ్రీకి బట్టల షాపుకి వచ్చినట్టే ఉండేది.

అంతకుముందు రోజు రేపల్లె నుంచి ప్రకాశం ఫోన్ చేశాడు.

“మేడంగారండి, గోడకి పలకలు బిగించి వారమైందండి. ఆ లేని పడవ ఎక్కడికీ పోలేదు. మునుపెట్టా ఉందో అట్టాగే ఉంది.”

రేపల్లె అవతల, కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోట, చేపల పడవలని కనిపెట్టుకుని ఉండటానికి ఒక చిన్న రాడార్ ఉంది. దాని తెర ముందు కూర్చునే ఉద్యోగం ప్రకాశానిది. రాడార్ రేడియో అలని విసురుతుంది. పడవకి తగిలి తిరిగొచ్చిన అలని బట్టి తెర మీద చుక్క పెడుతుంది. మూడేళ్ళ కిందట ఆ టవరుకి ఎదురుగా రొయ్యల మేత దాచుకునే రేకుల గోడౌను ఒకటి లేచింది. తిప్పలన్నీ అప్పటినుంచే. అల ముందుగా ఆ రేకు గోడకి తగిలేది, అద్దం మీద పడ్డ ఎండలాగా పక్కకి మళ్ళి పడవకి తగిలేది, మళ్ళీ ఆ గోడ మీదుగానే టవరుకి చేరేది. దారిలో మలుపు ఉందన్న సంగతి రాడార్‌కి తెలియదు. గోడౌను వెనకాల ఉన్న నీళ్ళలో ఇంకో పడవ ఉందనుకుని ఇంకో చుక్క పెట్టేసేది.

రెండేళ్ళ కిందట కార్తీకంలో ముసురు పట్టిన రోజు ఆదాము అనే ఆయన పడవ తిరగబడింది. ప్రకాశం తెర మీద రెండు చుక్కలు చూశాడు. లాంచీని తప్పు చుక్క దగ్గరికి పంపాడు. అక్కడ వాన పడుతున్న నీళ్ళు తప్ప ఏమీ లేవు. లాంచీ వెనక్కి తిరిగి అసలు చోటికి చేరేసరికి పడవ ఉంది, ఆదాము లేడు.

ఆ తర్వాతే రాడార్ ఆఫీసు వాళ్ళు బాపట్ల కాలేజీకి ఉత్తరం రాశారు. గోడౌను గోడకి తగిలిన అల తిరిగి బయటికి రాకుండా ఏమన్నా చెయ్యగలరా అని.

దానికి మందు మెటామెటీరియల్ అని కరుణశ్రీకి తెలుసు. పేరు విని అదేదో కొత్త లోహం అనుకుంటారు గానీ, ఉండేది మామూలు సర్క్యూట్ బోర్డు పలకే. దాని వెనక అంతా రాగి రేకు, ముందు వైపు గోరంత రాగి బొమ్మలు వందలకొద్దీ. రాగిది కాదు మహిమంతా, ఆ బొమ్మల ఆకారానిది. వచ్చిన అల వెనక్కి పోవాలా, పక్కకి తిరగాలా, అక్కడే ఆరిపోవాలా అన్నది ఆ ఆకారమే తేలుస్తుంది. కరుణశ్రీ ఏడాదిపాటు కూర్చుని ఒక బొమ్మ తయారుచేసింది. నాలుగు పక్కలా ఒకే తీరుగా ఉండే చదరపు చుట్టు, ఒక్కో పక్కన ఒక్కో కార్బన్ ఇంకు చుక్క. అల వచ్చి ఆ చుక్కల్లో వేడిగా మారి ఇంకిపోతుంది. నూటికి తొంభై వంతులు. ఆ బొమ్మ ఫిల్ముని తెనాలికి పంపి, చుక్కల సంగతి ఫోన్లో చెప్పింది కూడా.

“తొంభై ఏంటమ్మా! తొంభైకి ఎవరు చప్పట్లు కొడతారు?” అని విష్ణువర్ధన్ పెదవి విరిచాడు. నెల తిరక్కుండా ఎక్కడి నుంచో ఇంకో బొమ్మ పట్టుకొచ్చాడు. దాని గ్రాఫులో తొంభైతొమ్మిది పాయింట్ ఆరు అని ఉంది. ఆ అంకెని ఆయన ప్రిన్సిపాలుకి చెప్పాడు, విలేకరులకి చెప్పాడు, క్యాంటీన్‌లో టీ పోసే ఆయనకి కూడా చెప్పాడు. ఆ బొమ్మ వంక కరుణశ్రీ సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఆయన తెచ్చినదానిలో చూడదగ్గదేముంటుంది? రిపోర్టు మీద రెండో సంతకం కావాలంటే, జవాబు పత్రాలు దిద్దుతూ దిద్దుతూనే పెట్టి పడేసింది.

*

తెనాలిలో బోస్ రోడ్డు వెనక సందులో అబ్దుల్ షుకూర్ దుకాణం. ముప్పై ఏళ్ళుగా ఆయన స్క్రీన్ ప్రింటింగులో శుభలేఖలు అచ్చువేస్తున్నాడు. కూతురు పర్వీన్ పాలిటెక్నిక్ చదివొచ్చాక దుకాణాన్ని సగానికి విడగొట్టి, వెనక భాగంలో సర్క్యూట్ బోర్డులు చేయడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం కరుణశ్రీ వెళ్ళేసరికి ఆమె రబ్బరు తొడుగులు వేసుకుని, గోధుమరంగు ద్రావకంలోంచి ఒక బోర్డుని పైకి తీస్తోంది.

కరుణశ్రీ సంచిలోంచి పలక తీసి బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

“ఏంటిది?”

“మీ పలకే కదండీ.”

“నాది కాదు, మీరు చేసిన నిర్వాకం. శుభలేఖ మీద పువ్వు కాస్త వంకరపోతే పెళ్ళేం ఆగదు. ఇందులో గీత వెంట్రుకవాసి జరిగినా మొత్తం పనికిరాదు. చేతకాని పని ఒప్పుకోవడం దేనికి? కాలేజీ పేరు చెప్పుకోవడానికా?”

ముందు గదిలో షుకూర్ కళ్ళజోడు తీసి ఇటు చూశాడు. పర్వీన్ తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, సొరుగులోంచి భూతద్దం, కొలబద్ద, బొమ్మని పలక మీదికి దించే రెండు ఫిల్ములు తీసి కరుణశ్రీ ముందు పెట్టింది.

“కొలుచుకోండి మేడం.”

కరుణశ్రీ కొలిచింది. ఒక బొమ్మ, పక్కది, నాలుగో వరసలో ఇంకోటి. అచ్చు ఫిల్ములో ఎలా ఉందో పలక మీదా అలాగే ఉంది. వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇంకెక్కడన్నా దొరుకుతుందేమోనని ఇంకో పది బొమ్మలు కొలిచింది. దొరకలేదు.

“అయిందాండీ?” అంది పర్వీన్. తర్వాత రెండు ఫిల్ముల్నీ కింద లైటున్న గాజు బల్ల మీద పక్కపక్కన పరిచింది. “ఇది ముందు మీరు పంపింది. ఇది తర్వాత సార్ పంపింది. మీది చూడండి, ఇట్టా పావు వంతు తిప్పినా ఒకటే, ఇంకో పావు తిప్పినా ఒకటే. సార్‌ది తిప్పుతాను చూడండి.”

తిప్పింది. విష్ణువర్ధన్ బొమ్మలో ప్రతి చదరంలోనూ ఒక ఏటవాలు గీత ఉంది. ఇంతసేపూ కుడి మూలకి వాలి ఉన్న గీతలన్నీ ఇప్పుడు ఎడమ మూలకి వాలాయి.

“బిగించేవాళ్ళు కొన్ని ఇట్టా, కొన్ని అట్టా పెడితే ఏమవుద్దోనని నాకు అనుమానమొచ్చింది. ఇంకు చుక్కలు కూడా లేవిందులో. అలంతా ఆ చుక్కల్లోనే వేడైపోద్దని మీరే చెప్పారు కదా. మరి చుక్కల్లేకపోతే ఎక్కడికి పోద్ది? సార్‌కి ఫోన్ చేశాను. నీ పని అచ్చెయ్యడం, ఆలోచించడం కాదు అన్నారు.”

కరుణశ్రీ ఆ గాజు బల్ల మీదికి వంగి ఆ గీతల్ని వరసగా చూసుకుంటూ పోయింది. రెండో ఏడాది పిల్లలకి తనే ఏటేటా చెప్పే పాఠం అది. ఏటవాలు గీత అలని మింగదు. తిప్పుతుంది. అడ్డంగా ఊగుతూ వచ్చిన అలని నిలువుగా ఊగేలా చేసి వదిలేస్తుంది. డిప్లొమా చదివిన ఈ అమ్మాయి దాన్ని ఫిల్ము చూసి పట్టుకుంది. పీహెచ్‌డీ చేసిన తను చూడకుండానే సంతకం పెట్టింది.

క్షమించమని అడగాలని నోరు తెరిచింది గానీ వచ్చిన మాట వేరు.

“ఈ రెండు ఫిల్ములూ నాకివ్వగలరా అండీ?”

దుకాణంలోకి వచ్చాక ఆమె నోటివెంట ‘అండీ’ అన్న మాట రావడం అదే మొదలు. పర్వీన్ ఆ సంగతి గమనించినట్టే ఉంది, ఫిల్ములు కవరులో పెట్టింది.

“టీ తాగి వెళ్ళండమ్మా” అన్నాడు షుకూర్ ముందు గదిలోంచి. అన్ని మాటలన్నాక ఆ టీ తాగడం కష్టమే. వద్దనడం అంతకంటే కష్టమని తాగింది.

*

మర్నాడు పొద్దున్నే ల్యాబు తెరిచింది. గరాటుల్లా ఉండే రెండు హార్న్‌లని పలకకి ఎదురుగా పక్కపక్కన నిలబెట్టింది. ఒకటి అలని విసురుతుంది, ఇంకోటి తిరిగొచ్చినదాన్ని వింటుంది. రెండూ అడ్డంగా ఉన్నప్పుడు మీటరు ముల్లు సున్నాకి అంటుకుపోయింది, అంటే ఏమీ తిరిగి రావడం లేదు. విష్ణువర్ధన్ గారి తొంభైతొమ్మిది పాయింట్ ఆరు అదే. వినే హార్న్‌ని స్టాండులో వదులు చేసి నిలువుగా తిప్పింది. మీటరు ఒక్కసారిగా పైకి లేచి కూర్చుంది. వెళ్ళిన అలంతా దాదాపుగా తిరిగొచ్చేస్తోంది.

రేపల్లెలో జరుగుతున్నదేమిటో అప్పుడు పూర్తిగా బోధపడింది. టవరు నుంచి అడ్డంగా వెళ్ళిన అలని గోడ మీది పలక నిలువుగా తిప్పుతోంది. అది అలాగే పడవకి తగిలి గోడ దగ్గరికి తిరిగొస్తోంది. పలక దాన్ని రెండోసారి తిప్పుతోంది. నిలువుది మళ్ళీ అడ్డమవుతోంది. ఏ రూపంలో బయల్దేరిందో ఆ రూపంలోనే రాడార్ చెవిలో పడుతోంది. ఊరంతా కష్టపడి గోడకి బిగించిన నాలుగు వందల పలకలు చేస్తున్న పని ఏమీ లేదు.

విష్ణువర్ధన్ పదకొండింటికి వచ్చాడు.

“సార్, అది అలని మింగడం లేదు. తిప్పుతోంది” అని, రెండు చేతులూ అడ్డంగా పెట్టి, నిలువుగా తిప్పి చూపించింది.

“రాడార్ అడ్డం అలనే కదా వినేది? నిలువుగా తిరిగిపోతే దానికి వినపడదు. మంచిదేగా?”

ఆ ప్రశ్నలో కాస్త బుర్ర ఉందని ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంతోనే కాగితం తీసుకుని టవరు, గోడ, పడవ గీసి, అల గోడకి ఒకసారి కాదు, వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి తగులుతుందని ఓపిగ్గా చెప్పింది. ఆయన కాగితం వంక చూడలేదు, గడియారం వంక చూశాడు.

“గురువారం వాళ్ళ పెద్ద ఇంజనీరు రేపల్లె వస్తున్నాడు. హార్న్‌లు మొదట్నుంచీ ఎట్టా పెడుతున్నామో అట్టాగే పెట్టు. తిప్పి చూడాలని ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసు కదండీ.”

“నువ్వు మన మనిషివి కదమ్మా” అని నవ్వాడు.

పదకొండేళ్ళలో ఆయన ఎన్ని మాటలన్నా తుడిచేసుకున్న కరుణశ్రీకి ఆ ఒక్క మాట మాత్రం ఒంటికి జిడ్డులా పట్టుకుంది.

*

గురువారం చెరుకుపల్లి మీదుగా కాలేజీ బస్సులో రేపల్లె దాటి టవరు దగ్గరికి చేరారు. అక్కడ ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో విష్ణువర్ధన్ బొమ్మ మనిషంత ఉంది. పలక బొమ్మ ఒక మూలన తపాలా బిళ్ళంత ఉంది. వచ్చిన ఇంజనీరు పేరు అజయ్ బాబు. చొక్కా చేతులు మడుచుకున్న మనిషి. పూలగుత్తి ఇస్తే తీసుకుని పక్కన కుర్చీలో పెట్టేశాడు.

షామియానా కింద విష్ణువర్ధన్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. దేశం అన్నాడు, రక్షణ అన్నాడు, మన కాలేజీ అన్నాడు. ఆదాము పేరు ఒక్కసారీ ఎత్తలేదు. తర్వాత బల్ల మీద పలక, దానికి ఎదురుగా హార్న్‌లు నిలబెట్టించి, మీటరు చూపించి, “చూడండి సార్, సున్నా” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా కరుణశ్రీ ఆగింది. తర్వాత వెళ్ళి స్టాండు వదులు చేసి హార్న్‌ని నిలువుగా తిప్పింది. మీటరు లేచింది.

“ఏంటది?” అన్నాడు అజయ్ బాబు.

“అది... అది కాలిబ్రేషన్ సార్. ల్యాబులో చేసే ఫార్మాలిటీ” అన్నాడు విష్ణువర్ధన్.

“కాదండీ. ఈ పలక అలని ఆపడం లేదు. మాకు కనపడకుండా నిలువుగా తిప్పుతోందంతే. నమ్మకపోతే ఒక పడవని పంపి చూడండి” అంది కరుణశ్రీ.

అజయ్ బాబు ఒడ్డున ఉన్న పడవల్లో ఒకదాన్ని పాయలోకి పొమ్మని, తను రాడార్ గదిలోకి నడిచాడు. ప్రకాశం తెర ముందు కూర్చున్నాడు. అసలు పడవ చుక్క కనపడింది. కాసేపటికి గోడౌను దిక్కున రెండో చుక్క కనపడింది. పడవ ఎడమకి తిరిగితే అది కుడికి తిరిగింది. పడవ ఆగితే అదీ ఆగింది. కిటికీలోంచి చూస్తే అటువైపు ఖాళీ నీళ్ళు.

“ఇదేనండి” అన్నాడు ప్రకాశం మెల్లగా. “ఆ రోజు కూడా ఇదేనండి.”

“ఈరోజు గాల్లో తేమ ఎక్కువుంది సార్” అన్నాడు విష్ణువర్ధన్ వెనకనుంచి.

అజయ్ బాబు కరుణశ్రీ వైపు తిరిగాడు.

“రిపోర్టు మీద రెండో సంతకం మీదేనా అమ్మా?”

“నాదేనండి.”

“ఆయనకి తెలియదు. తెలియదని మొహం చూస్తేనే తెలుస్తోంది. మీకు తెలుసు. మరి మీరెందుకు పెట్టారు?”

“నేను... దాన్ని చూడలేదండి.”

“చూడకుండా సంతకం పెట్టారా?”

“చూడదగ్గదని అనుకోలేదండి.”

అతను ఆమె వంక పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. పదకొండేళ్ళుగా ఆమె విష్ణువర్ధన్ వంక అలాగే చూస్తూ వచ్చింది. అది తన మీద పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

బయటికొస్తే మెట్ల దగ్గర ఒక నడివయసు ఆవిడ చేపల తట్ట దింపుకుని నిలబడి ఉంది. ఆదాము భార్య రాహేలు అని ప్రకాశం చెప్పాడు. ఇంత మందిలో ఎవరిని అడగాలో తెలియక, ఆడమనిషి కదా అని కరుణశ్రీని అడిగింది.

“ఇంక ఆ పడవ కనపడదుగా అమ్మా?”

వెనకాల విష్ణువర్ధన్ “కనపడదమ్మా, కనపడదు” అనబోతున్నాడు.

“కనపడుతుందండీ” అంది కరుణశ్రీ. “ఇంకా కనపడుతోంది. మేము పెట్టిన పలకలు తప్పు. అందులో నా తప్పు కూడా ఉంది. అవి తీసేసి వేరేవి పెడతాం.”

“మరి తొందరగా కానీండి. వానలొస్తన్నాయి” అని రాహేలు తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

ఆ రిపోర్టు తప్పని, తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని ఆ సాయంత్రమే కరుణశ్రీ ఉత్తరం రాసింది. దాని కాపీ ప్రిన్సిపాలుకిచ్చింది. కొత్త పలకల పని మాత్రం రాడార్ ఆఫీసు వాళ్ళు ఆమెకే ఇచ్చారు, వేరే ఎవరికీ చేతకాదు కాబట్టి.

మళ్ళీ తెనాలి వెళ్ళింది. ఈసారి ముందు గదిలో షుకూర్ ఎదుటే, అచ్చువేసే పనివాళ్ళు వింటుండగానే, “ఆ రోజు నేనన్న మాటలు తప్పండీ. నోరు జారాను” అంది. పర్వీన్ తల ఊపి, “ఇంకు ఎంత మందం కావాలో చెప్పండి మేడం” అంది. ఇద్దరూ నెలన్నర పాటు ఆ చుక్కల మందం కుదరక సతమతమయ్యారు. ముప్పై పలకలు పారేశాక కుదిరింది.

కొత్త పలకలు వానలు ముదరకముందే గోడకెక్కాయి. కరుణశ్రీ ముందుగా లెక్క వెయ్యని మేలొకటి వాటితో కలిసొచ్చింది. అల గోడకి తగిలేది రెండుసార్లు కదా. మొదటి దెబ్బకి నూరులో తొంభై పోయి పది మిగిలితే, రెండో దెబ్బకి ఆ పదిలో తొమ్మిది పోయి ఒక్కటి మిగులుతోంది. ఆ ఒక్కటికి తెర మీద చుక్క పెట్టే ఓపిక లేదు. పడవని పంపి ప్రకాశం గంటసేపు తెర చూశాడు. ఒకటే చుక్క.

విష్ణువర్ధన్ విలేకరుల్ని పిలిచి, రెండు రకాల పలకల్ని కావాలనే పోల్చి చూశామని, అదే పరిశోధన అంటే అని చెప్పాడు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటోతో సహా పడింది. కరుణశ్రీ ఒక పరిశోధన పత్రిక కోసం వ్యాసం రాసి తన పేరు, పర్వీన్ పేరు, ప్రకాశం పేరు పెట్టింది. “శుభలేఖలమ్మాయి పేరుండి, నా పేరు లేని వ్యాసం ఈ కాలేజీ దాటి పోదు” అన్నాడాయన. “పోకపోతే ఇక్కడే ఉంటుందండీ” అంది. అది ఈనాటికీ ఆమె సొరుగులోనే ఉంది.

ఆశ్వీజంలో ఒక వాన సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా ప్రకాశం ఫోన్ చేశాడు.

“మేడంగారండి, పొద్దున పాయలో పడవ తిరగబడిందండి. ముగ్గురు. తెర మీద ఒక్కటే చుక్కండి. లాంచీ తిన్నగా అక్కడికే పోయింది. ముగ్గుర్నీ తీసుకొచ్చారండి.”

కరుణశ్రీ ఆ ముగ్గురి పేర్లూ అడిగింది. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి పిల్లలున్నారో అన్నీ అడిగింది. ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంటుంటే విష్ణువర్ధన్ తలుపు దగ్గర ఆగాడు.

“ఎవరమ్మా ఫోను? రేపల్లె నుంచా? ఏమన్నా మంచి వార్తా?”

ఆయన చెయ్యి అప్పుడే జేబులో ఉన్న సెల్లు మీదికి పోయింది. చెబితే చాలు, తెల్లారేసరికి ఆ ముగ్గురి మధ్యా నిలబడి ఫొటో దిగుతాడు.

“రాంగ్ నంబర్ సార్” అంది కరుణశ్రీ.